తొమ్మిదో పరుగు

మార్చి 4. పరుగు 18,206.

ఐదింటికి కరెంటు ఇచ్చారు. పదింటికి, ఎండకు పనులు ఆపమనే సైరన్ మోగేలోగా మూడు పరుగులు తీయాలి. రెండే తీశాం.

నిన్న చక్రం తొక్కిన మట్టిని పలుగుతో గుల్ల చేయడం, జల్లెడ పట్టడం, తొట్టిలో పరిచి నీళ్ళు చల్లడం, రోలరుతో చదును చేయడం, ఇనుప కడ్డీ గుచ్చి గట్టిదనం చూసుకోవడం. అప్పుడు పైన పట్టాల మీద వేలాడే చక్రాన్ని దించి, బరువు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిపిస్తాం. దాన్నే పరుగు అంటాం. ఎంత దిగబడింది, ఎంత జారింది, రాసుకుంటాం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నా పేరు మంగతాయారు. ఈ లాగ్ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి నా మోకాళ్ళ సంగతి కూడా ఇందులోనే రాస్తూ ఉంటాను. ఇవాళ ఎడమది బాగా లేదు.

తొట్టి నడిపే సన్యాసిరావు గారు రిటైరై రెండేళ్ళయింది. ఆయన బదులు ఎవరూ రాలేదు, ఆయనే వస్తున్నారు.

"ఈ మట్టి నాకంటే ముందు రిటైరవ్వాలండి మేడం గారూ," అన్నారు జల్లెడ ఊపుతూ. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు కొండ మీంచి దించిన మట్టేనండి ఇది. ఎన్నిసార్లు తొక్కించామో దీన్ని."

నేను నవ్వాను. నవ్వడానికి కూడా ఓపిక ఉండాలి.

మార్చి 11. పరుగు 18,219.

పొద్దున్న ఎనిమిదింటికి గేటు దగ్గర డోలీ దింపారు. నలుగురు మనుషులు. ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని, ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉందని చెప్పబోయాను. డోలీలో మనిషి లేడు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్క పెట్టె ఉంది. దాన్నిండా మట్టి. మట్టి మీద గడ్డి అలాగే నిలబడి ఉంది, ఆకులు రాలి ఉన్నాయి. పక్కన చెక్క సందుల్లోంచి తెల్లగా పోగు కనిపిస్తోంది.

కొండలు జారిన ఏడు తర్వాత అడవుల్లో రోడ్లన్నీ తవ్వి తీసేసి, ఈ పోగును నాటారు. బూజు లాంటిదే, కాకపోతే చెట్ల వేళ్ళను ఒకదానితో ఒకటి కుట్టినట్టు పట్టి ఉంచుతుంది. వానకు వాలు జారకుండా ఆపుతున్నది అదే. అడవిలో ఏ బండి తిరగాలన్నా, ఆ నేల దాని చక్రాన్ని నెలకు ఎన్నిసార్లు భరిస్తుందో చెప్పే పత్రం కావాలి. ఆ పత్రాలు ఇచ్చేది మా తొట్టి.

నలుగురిలో పెద్దాయన ముందుకొచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. పల్లాల బొజ్జిరెడ్డి అని చెప్పాడు.

"తేనెగొంది నుంచి వచ్చామమ్మా. రెండు రోజుల నడక. మట్టి తెచ్చాం."

"ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరూ తెమ్మనలేదు. మీరు మట్టికి పరీక్ష పెడతారంట గదా. మా మట్టిక్కూడా పెట్టండి."

"మీ ఊరికి బండి వస్తుందిగా, అందులో తేకపోయారా?"

"కుదుపుకి చెదిరిపోద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు తేవాలని మోసుకొచ్చాం. ఊరిపైన బండి తిరిగేకాడ నేల బీట తీసింది. చెట్లు ఇటు ఒరిగినయ్. బండాయన్ని అడిగితే కాగితంలో డెబ్బై ఉంది, మేం డెబ్బై దాటలేదంటాడు."

డెబ్బై నేను వేసిన అంకె. పదకొండేళ్ళ కిందట ఈ తొట్టిలోనే తేల్చి, సంతకం పెట్టాను.

"పరీక్షకు ముందు జల్లెడ పట్టాలి. అది నిబంధన," అన్నాను.

బొజ్జిరెడ్డి పెట్టె వైపు చూశాడు. "జల్లెడ పడితే ఇంక అది మా మట్టి ఎలాగవుద్దమ్మా?"

పెట్టెను నీడలో పెట్టించి, వాళ్ళకు టీ చెప్పాను.

మార్చి 12. పరుగులు 18,220 నుంచి 18,228.

జల్లెడ పట్టలేదు. పెట్టెను అలాగే తొట్టిలో దించి, మూడోవంతు కొలత ఉన్న చిన్న చక్రం బిగించాం. బండి బరువుకు తగ్గట్టు బరువు పెట్టాం.

మొదటి పరుగు: దిగుబాటు రెండు మిల్లీమీటర్లు. రెండు: రెండే. మూడు: రెండున్నర. సన్యాసిరావు గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. మా తొట్టి మట్టిలో ఇదే చక్రం మొదటి పరుగుకే పద్నాలుగు దిగుతుంది. ఇది మా మట్టి కంటే ఎంతో గట్టిది. పెద్దాయన ఊరికే కంగారు పడ్డాడనుకున్నాను. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది.

నాలుగు, ఐదు, ఆరు, ఏడు. మూడు దాటలేదు. ఎనిమిది: మూడున్నర.

తొమ్మిదో పరుగులో చక్రం సగం దూరం పోయాక తడిబట్ట చింపినట్టు చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేమీ కాదు. చక్రం ఒక్కసారిగా ముప్పై ఒక్క మిల్లీమీటర్లు దిగి, అక్కడే తిరగడం మొదలుపెట్టింది. సన్యాసిరావు గారు మోటారు ఆపేశారు.

పెట్టె పక్క చెక్క ఊడదీసి చూశాం. పోగు మొత్తం తెగిపోయింది. వేళ్ళు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి ఉన్నాయి. వేలితో తాకితే మట్టి పిండిలా రాలింది.

ఇరవై రెండేళ్ళుగా మేం చూసింది చచ్చిన మట్టి. దాన్ని తొక్కేకొద్దీ గట్టిపడుతుంది, మొదట దిగి తర్వాత కుదురుకుంటుంది. అందుకే డెబ్బై పరుగులు తట్టుకుంటుందని లెక్క వచ్చింది. బతికున్న నేల అలా కాదు. పైకి ఏమీ తెలియనివ్వకుండా ఎనిమిదిసార్లు ఓర్చుకుని, తొమ్మిదోసారికి తెగిపోతుంది. జల్లెడలో ప్రతిరోజూ మేం ఏరి పారేసింది ఆ ఓర్పునే.

మార్చి 13. పరుగులు లేవు.

బొజ్జిరెడ్డిని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బండి ప్రతినెలా కొంచెం పక్కకు జరిగి కొత్త చాలులో నడుస్తుంది. పదకొండేళ్ళుగా అలా జరుగుతూ, ఒక్కో పట్టీ తెంపుకుంటూ వచ్చి, ఇప్పుడు ఊరి నెత్తిన ఉన్న వాలు మీదికి చేరింది.

"ఇది నేను రాసి పంపితే మీ ఊరికి బండి ఆగిపోతుంది," అన్నాను.

"తెలుసమ్మా."

"బండి మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారు?"

"బియ్యం, మందులు డ్రోన్లలో గాల్లో ఎగిరొస్తాయి. మనుషుల్నయితే అవి మొయ్యలేవు గదా." టీ గ్లాసు కింద పెట్టాడు. "మా ఇంటామె ఉంది. కన్నమ్మ. వారానికి రెండుసార్లు దిగి వచ్చి కిడ్నీ మిషను కాడ పడుకోవాలి. ఆ మిషను మాకాడ పెట్టడానికి అంత కరెంటు లేదన్నారు."

సన్యాసిరావు గారు లేచి బయటికి వెళ్ళిపోయారు.

"మరి ఈ మట్టి ఎందుకు తెచ్చారండీ?"

"ముప్పై ఒక్క ఇల్లమ్మా మా ఊరు. వాన పడకముందే ఎవరో ఒకరు చెప్పాలి గదా."

"ఆవిడకి చెప్పారా?"

"ఆమె చూపించినకాడే కోశామమ్మా పెట్టె. 'ఇక్కడ బాగుంది నేల, ఇక్కడ తియ్యండి' అంది."

మార్చి 20. పరుగు 18,231.

రిపోర్టు పంపి వారమయింది. ఇవాళ డైరెక్టర్ హరనాథ్ గారు తెర మీదికి వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే నాకంటే తక్కువ నిద్రపోతున్నారని తెలుస్తుంది.

"ఒక్క పెట్టె మట్టి చూసి నలభై రెండు ఊళ్ళ బళ్ళు ఆపమంటారా మంగతాయారు గారూ? పెట్టె గోడలు మరీ దగ్గరగా ఉన్నాయి, చక్రం చిన్నది. రేపు ఎవరైనా ఇవే అడిగితే ఏం చెప్తారు?"

"అడగాల్సినవే సార్. ఇంకా పెట్టెలు తెప్పిస్తాను."

"బండి ఆగితే కాన్పులు, పాము కాట్లు, మీరన్న ఆ కిడ్నీ ఆవిడ... ఆ కబుర్లు వచ్చేది నాకు."

"వాలు జారితే వచ్చే కబురు కూడా మీకే సార్."

ఆయన కళ్ళు నులుముకున్నారు. ఆఖరికి, "జూన్‌లో వానలు. అప్పటిలోగా ఆ నేలను తెంపని చక్రం ఏదైనా చూడండి. అది దొరికితే ఎవర్నీ ఆపక్కర్లేదు," అన్నారు.

మొదటిసారి నాకు కొంచెం ఆశ కలిగింది. చక్రాల సంగతి నాకు తెలుసు.

ఏప్రిల్ 17. పరుగు 18,390.

నెల రోజుల్లో తేనెగొంది నుంచి ఆరు పెట్టెలు వచ్చాయి. అన్నీ డోలీల్లోనే. మోసుకొచ్చినవాళ్ళు మా వరండాలో ఓ పూట పడుకుని తిరిగి వెళుతున్నారు. పెట్టెలను పెద్దవి చేయించాను. గోడల సందేహం తీరింది.

వెడల్పు చక్రం: పదో పరుగులో తెగింది. గాలి తగ్గించిన చక్రం: పదకొండు. ఆరు చక్రాల బండి: బరువు పంచుకుంటుంది గాని, ఒకే చాలులో మూడు చక్రాలు వెనకా వెనకా తొక్కుతాయి. నాలుగోసారి నడిపేసరికే తెగింది.

ఏప్రిల్ 29. పరుగు 18,441.

ట్రాక్టర్లకు ఉండే ఇనుప గొలుసు పట్టీ. తిన్నగా నడిపితే పద్నాలుగు వచ్చింది. సన్యాసిరావు గారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. తర్వాత మలుపు తిప్పి చూశాం. మొదటి మలుపుకే పోగు చాపలా చుట్టుకుపోయింది.

ఇద్దరం తొట్టి అంచున కూర్చున్నాం. సైరన్ మోగింది. లేవలేదు.

"ఇంకేముందండి?" అన్నారాయన.

"ఇంకేమీ లేదండి."

"మరి ఆ పెద్దాయనకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను. డెబ్బై రాసింది నేనే కదా."

మే 8. పరుగులు లేవు.

మొదటి పెట్టెను పారేయకుండా నీడలో తడుపుతూ ఉంచాం. యాభై ఏడు రోజులకు తెగినచోట కొత్త పోగు ఇటు నుంచి అటు దాటింది. ఇంకా బలం సగమే. ఒక వానాకాలం పూర్తిగా వదిలేస్తే మళ్ళీ పట్టు వస్తుందని లెక్క తేలింది. అంటే ఏడాదికి ఎనిమిది పరుగులు. పైకి ఒకటి, కిందికి ఒకటి. నాలుగు ప్రయాణాలు.

మే 15. తేనెగొంది.

బండిలో పైకి వెళ్ళాను. డ్రైవరు అద్దానికి అతికించిన కాగితం మీద నా సంతకం ఎండకు వెలిసిపోయి ఉంది. దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఊరికి దూరంగా, ఇళ్ళు లేని వైపు కొత్త నేల మీద అసలు బండినే నడిపించాం. పదో పరుగుకు తెగింది. ఊరిపైన బీటలో నా చెయ్యి మణికట్టు దాకా దూరింది. దాని పొడవు నూట ఎనభై అడుగులు.

బడి వరండాలో అందరూ కూర్చున్నారు. చెప్పాల్సింది చెప్పాను. పదకొండేళ్ళ కిందటి లెక్క తప్పు, ఆ తప్పు నాది అని కూడా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

వయసులో ఉన్న ఒకామె, చంకలో పిల్లతో, "నాలుగంటే ఎలాగమ్మా? మా ఊళ్ళో ఈ యేడే ఐదుగురికి నెలలు నిండుతున్నాయి," అంది.

"తెగని చాలు ఒక్కటే మిగిలిందమ్మా. అంతకంటే అది తట్టుకోదు."

తలా ఒక మాట. కొందరు ఊరే ఖాళీ చేద్దామన్నారు. కొందరు కన్నమ్మ వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. సన్నగా, చేతి మీద సూదులు గుచ్చిన చోట గట్టిగా ఉబ్బిన నరాలతో ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాటలు సద్దుమణిగేదాకా ఊరుకుని, అప్పుడు అంది:

"నాలుగూ కాన్పులకీ పాము కాట్లకీ ఉంచండి. నన్ను ఒకేసారి దించేస్తే సరిపోద్ది గదా. కిందే ఉంటాను."

"అక్కడ ఎవరున్నారే మనకి?" అన్నాడు బొజ్జిరెడ్డి.

"మిషనుంది." తర్వాత నా వైపు చూసింది. "ఈ అమ్మ ఉంది."

అరవై ఏళ్ళలో ఆమె ఒక్క వారం కూడా కింద ఉండలేదట. ఎవరో తర్వాత చెప్పారు.

మే 19. పరుగులు లేవు.

ఇళ్ళ పైనున్న వాలు మీద బండి తిరిగే ఊళ్ళు, తేనెగొందితో కలిపి పదకొండు. ఆ పదకొండు పత్రాల మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు, ఇక మీదట అక్కడ ఏడాదికి నాలుగు ప్రయాణాలేనని ఉత్తరం రాశాను. సంతకం పెట్టినవాళ్ళకు ఆ హక్కుంది. ఇరవై రెండేళ్ళలో ఎవరూ వాడుకోలేదు. మిగతా ముప్పై ఒక్క ఊళ్ళకు, జల్లెడ పట్టని మట్టి పెట్టెలు పంపమని కబురు చేశాను.

హరనాథ్ గారు తెర మీద చాలాసేపు ఆ ఉత్తరం చదివారు. "నాకు నచ్చలేదు," అన్నారు. "కానీ కాదనడానికి నా దగ్గర అంకె లేదు. ఆర్డరు వేస్తాను."

జూన్ 3. తేనెగొంది వాలు.

కన్నమ్మను దించాం. ఒక ట్రంకు పెట్టె, చాప, రెండు కోళ్ళు. కోళ్ళు ఎందుకని ఎవరూ అడగలేదు.

నేను కొలకర్ర పట్టుకుని, బీటకు దూరంగా మిగిలిన ఆ ఒక్క చాలులో దిగుతున్న బండి వెనక నడిచాను. మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. వాలు నిటారుగా ఉన్న చోట, దాదాపు రెండొందల అడుగుల మేర, కన్నమ్మ బండి ఆపమంది. దిగింది. డ్రైవరు వద్దమ్మా అంటున్నా వినలేదు. భర్త భుజం మీద చెయ్యి వేసి, నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచింది. ఖాళీ బండి ముందు మెల్లగా దిగింది. అరగంట పట్టింది.

బండి బరువు మూడు టన్నులు. ఆమె ముప్పై ఎనిమిది కిలోలు. ఆ తేడాను పట్టుకునే పరికరం నా దగ్గర లేదు. నేల కోసం అంత కష్టపడి నడుస్తున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? చెప్పలేదు.

దిగుబాటు: ఆరు మిల్లీమీటర్లు. పోగు తెగలేదు.

జూలై 22. పరుగు 18,502.

పదకొండు రోజుల వాన నిన్నటికి తగ్గింది. తేనెగొందిలో బీట ఇంకో జానెడు తెరుచుకుని ఆగింది. వాలు నిలిచింది. ముప్పై ఒక్క ఇళ్ళూ ఉన్నాయి. ఎర్రమెట్టలో వాలు జారింది. బండి తగ్గించిన ఊళ్ళలో అదొకటి, అప్పటికే ఎక్కువ తెగిపోయి ఉంది. ముందే చెప్పాం కాబట్టి పై వరసలో ఉన్న నాలుగు ఇళ్ళవాళ్ళూ బడిలో పడుకున్నారు. ఇళ్ళు పోయాయి, మనుషులు దక్కారు.

ఇంకొక కబురు కూడా ఉంది. ఆ పదకొండులోనే ఉన్న రాళ్ళవాడలో కెచ్చెల సోమిరెడ్డి అనే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. అక్కడి నాలుగు ప్రయాణాలూ అప్పటికే అయిపోయాయి. డోలీలో తెస్తుంటే దారిలో పోయాడు. యాభై రెండేళ్ళు. బండి ఉంటే బతికేవాడేమో. ఈ పేరు కూడా పరుగుల పక్కనే రాసి ఉంచుతున్నాను.

సాయంత్రం, ఎండ తగ్గాక, నా క్వార్టర్స్ వరండాలో, ఇప్పుడు ఇక్కడే ఉంటున్న కన్నమ్మ పక్కన కూర్చున్నాను. మిషను నుంచి వచ్చిన రోజు ఆమె ఎక్కువ మాట్లాడదు. బొజ్జిరెడ్డి వాన తగ్గగానే ఇల్లు చూసుకోవడానికి ఊరికి బయల్దేరాడు. సోమిరెడ్డి సంగతి చెప్పాను. ఆమెకు తెలిసినవాడేనట, వరసకు తమ్ముడు. చాలాసేపు వాకిట్లో కోళ్ళను చూస్తూ ఉండిపోయింది.

ఇక దాచిపెట్టడానికి ఓపిక లేకపోయింది నాకు.

"కన్నమ్మా, ఆ రోజు నువ్వు బండి దిగి నడిచావు కదా. నీకు అప్పుడే చెప్పాల్సింది. నీ బరువు ఆ బండికి లెక్కలోకి రాదు. నువ్వు ఎక్కి ఉన్నా అంతే దిగేది. అనవసరంగా కష్టపడ్డావు."

ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"అంత పెద్ద బండికి నేనెంతమ్మా? ఆ మాత్రం నాకు తెలీదా?"

"మరి ఎందుకు దిగావు?"

"పెళ్ళయి ఆ వాలు మీంచే నడిచి ఊళ్ళోకి వచ్చాను. మళ్ళీ ఎక్కనని తెలుసు గదా." పాదాలు ముందుకు చాపి, ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "ఆఖరిసారి, చెప్పుల్లేకుండా, నా కాళ్ళతో తొక్కి వెళ్దామనిపించింది."